రెండేళ్ళ పిల్లకి రోజూ ఛాతీలో కఫం తీయడం: సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న మా ఇంట్లో ఎలా చేస్తున్నామంటే

మా పాపకి ఇప్పుడు రెండున్నరేళ్ళు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది పదో నెలలో. అంతకు ముందు మూడుసార్లు నెమ్ము అన్నారు, ఒకసారి ఆస్తమా అన్నారు, యాంటిబయాటిక్ వేసినన్నాళ్ళు తగ్గేది, ఆపిన పది పదిహేను రోజులకి మళ్ళీ అదే దగ్గు, అవే పిల్లికూతలు, ఎంత తాగినా ఎంత తిన్నా ఒళ్ళు చేయకపోవడం. ముద్దు పెట్టుకుంటే బుగ్గ ఉప్పగా తగిలేది. అది ఒక జబ్బు లక్షణం అని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరికి చెమట పరీక్ష చేయించారు. చెమటలో క్లోరైడ్ లీటరుకి 60 మిల్లీమోల్స్ లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఈ జబ్బు ఉన్నట్టు లెక్క, పాపకి 90 దాటింది, జీన్ పరీక్షలోనూ అదే తేలింది.

అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ నుంచి రక్తం చుక్క తీసి ఈ జబ్బు ఉందేమో చూస్తారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు, అందుకే చాలామందికి మాలాగే ఆలస్యంగా తెలుస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో, వేలూరు సీఎంసీలో ఈ పిల్లల్ని ఏళ్ళుగా చూస్తున్నారు. కానీ ఎంత పెద్ద ఆస్పత్రికి వెళ్ళొచ్చినా, రోజూ పొద్దున, సాయంత్రం ఛాతీలో కఫం కదిలించి బయటికి తెప్పించే పని ఇంట్లో మనదే. ఆస్పత్రి నుంచి మందుని పొగలా చేసి పీల్పించే ఒక నెబ్యులైజర్ డబ్బా, బొమ్మలున్న ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చి ఏం చేయాలో తోచక కూర్చున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందుల మోతాదు, వరస మీ డాక్టర్ చెప్పినట్టే ఉండాలి, చేతి పద్ధతి ఫిజియోథెరపిస్ట్ మీ చేత చేయించి సరిచేసి చూపించాలి. నేను చెప్పగలిగింది, అవన్నీ ఒక మొండి రెండేళ్ళ పిల్లతో ప్రతి రోజూ జరిగేలా ఎలా చూసుకోవాలో.

ముందు ఇది ఎందుకు చేస్తున్నామో బుర్రకెక్కాలి, లేకపోతే నెల తిరక్కుండా విసుగొస్తుంది. ఊపిరితిత్తుల గొట్టాల లోపల అందరికీ పల్చటి గంజిలాంటి తడి పొర ఉంటుంది, దుమ్ము, క్రిములు దానికి అంటుకుంటే ఆ పొర మెల్లగా పైకి జారి వాటిని గొంతులోకి తెచ్చేస్తుంది. ఈ జబ్బులో కణాల గోడల్లోంచి ఉప్పు, నీరు కదిలే దారి సరిగా పనిచేయదు, అందుకని ఆ పొర ఎండిపోయి తుమ్మజిగురులా తయారవుతుంది. కదలదు. కదలని చోట క్రిములు కాపురం పెడతాయి, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఊపిరితిత్తి కొంచెం దెబ్బతింటుంది, అలా పోయిన భాగం మళ్ళీ మామూలుగా అవ్వదు. ఇదంతా దగ్గు లేని రోజుల్లో కూడా లోపల జరుగుతూనే ఉంటుంది. అందుకే "ఇవాళ పాప బాగానే ఉందిగా, వదిలేద్దాం" అనే మాట మా ఇంట్లో అనుకోకూడదని పెట్టుకున్నాం. బాగున్న రోజున చేసేదే అసలు పని.

మా పద్ధతి మొత్తానికి ఆధారం ఒక్కటే: వేళ మారదు, ఎలా చేయాలన్నది పాప ఇష్టం. చేయాలా వద్దా అని పిల్లని అడగం. "మెషీన్ టైమ్ అయింది, అమ్మ ఒళ్ళోనా నాన్న ఒళ్ళోనా? ఎర్ర దిండా పచ్చ దిండా? మాస్కు ముందు ఏనుగు బొమ్మకా, కుందేలు బొమ్మకా?" ఇలా అడుగుతాం. రెండేళ్ళ పిల్లకి ఏదో ఒకటి తన చేతిలో ఉండాలి, అదే దొరికితే సగం గొడవ తగ్గిపోతుంది. మొదటి రెండు నెలలు నాకీ సంగతి తెలియక చేతులు కాళ్ళు పట్టుకుని చేశాను. పాప ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకునేది, నెబ్యులైజర్ డబ్బా కనిపిస్తే మంచం కిందికి దూరేది. ఇది ఒక వారం కోర్సు అయితే అలా బలవంతంగా లాగించేయొచ్చు, కానీ ఇది ఏళ్ళ తరబడి చేయాల్సింది, రేపు పదేళ్ళప్పుడు, పదిహేనేళ్ళప్పుడు తనంతట తాను చేసుకోవాల్సింది. ఇప్పుడు భయం పెడితే అప్పుడు దగ్గరికి రానివ్వదు.

వేళల సంగతి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చేయాలి, తిన్న తర్వాత అయితే కనీసం గంటన్నర, రెండు గంటలు ఆగాలి, లేకపోతే దగ్గుతో పాటు తిన్నదంతా బయటికొస్తుంది. బరువు పెరగడమే కష్టమైన పిల్లలకి ఒక్క వాంతి కూడా నష్టమే. మేం పొద్దున ఆరున్నరకి, టిఫిన్‌కి ముందు చేస్తాం, సాయంత్రం ఆరింటికి, అన్నానికి ముందు. లేవగానే పాలు కావాలని ఏడుస్తుంది, అందుకని ముందు రెండు గుక్కల నీళ్ళు ఇచ్చి, చేసిన తర్వాత పాలు. ఇప్పుడు తనకే తెలుసు, డొప్ డొప్‌మని ఛాతీ, వీపు తట్టడం అయ్యాకే పాలు అని. నెబ్యులైజర్‌తో కలిపి మొత్తం నలభై నిమిషాలు పడుతుంది, అందులో చేత్తో తట్టేది ఇరవై నిమిషాలు. పొద్దున ఆ నలభై నిమిషాల కోసం నేను ఐదున్నరకే లేచి వంట సగం చేసేస్తాను. కుక్కర్ విజిల్ వస్తుంటే మధ్యలో లేచి పరిగెత్తితే పిల్ల జారిపోతుంది, మళ్ళీ కూర్చోబెట్టడం మన వల్ల కాదు.

మందుల వరస సాధారణంగా ఇలా ఉంటుంది: ముందు గొట్టాలు వెడల్పు చేసే సాల్‌బ్యుటమాల్, తర్వాత కఫాన్ని పల్చన చేసే ఉప్పునీళ్ళ నెబ్యులైజేషన్, ఆ తర్వాత ఛాతీ తట్టడం, కఫం కదిలి గొట్టాలు కాస్త ఖాళీ అయ్యాక, పీల్చే యాంటిబయాటిక్ రాసి ఉంటే అది చివర్లో. వరస తప్పితే ఆ యాంటిబయాటిక్ కఫం మీదే పడి ఆగిపోతుంది, లోపలికి వెళ్ళదు. ఉప్పునీళ్ళు అంటే ఇంట్లో కలుపుకునేవి కాదు, శుభ్రంగా సీల్ చేసి వచ్చేవి, 3 శాతమా 7 శాతమా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. మొదటిసారి ఆస్పత్రిలోనే ఇప్పించండి, కొంతమంది పిల్లలకి అది పీల్చగానే గొట్టాలు బిగుసుకుపోయి ఆయాసం వస్తుంది. కఫం జిగురు తగ్గించే డోర్నేస్ ఆల్ఫా అనే పీల్చే మందు రాసి ఉంటే దాన్ని తట్టడానికి ముందు ఇవ్వాలా తర్వాత ఇవ్వాలా అని మీ డాక్టర్‌ని అడిగి రాసిపెట్టుకోండి. అది ఫ్రిజ్‌లోనే ఉండాలి, గడ్డకట్టకూడదు, వేరే ఏ మందుతోనూ ఒకే కప్పులో కలపకూడదు.

మాస్కు దగ్గరే చాలామంది ఓడిపోతారు. పిల్ల వద్దంటుంది కదా అని మాస్కుని మొహానికి దూరంగా పట్టుకుని పొగ ముక్కు దగ్గర ఆడిస్తారు. నేనూ అదే చేశాను. అలా పడితే మందు చాలా భాగం గదిలోకే పోతుంది. మాస్కు ముక్కునీ నోటినీ మూసి, అంచులు బుగ్గలకి ఆనాలి. ఏడుస్తుంటే కూడా మందు సరిగా దిగదు, ఏడుపులో పిల్లలు పొడుగ్గా వదిలి, గబుక్కున పీలుస్తారు, మందు గొంతులోనే పడి కడుపులోకి పోతుంది. "ఏడిస్తే ఇంకా బాగా లోపలికి పోతుందిలే" అని ఎవరైనా అంటే నమ్మకండి. మేం చేసిందేంటంటే, ఒక పది రోజులు మందు లేని వేళల్లో ఖాళీ మాస్కుని ఆటవస్తువుగా ఇచ్చేశాం. బొమ్మకి పెట్టింది, తాతయ్యకి పెట్టింది, నాకు పెట్టింది, చివరికి తనే పెట్టుకుంది. మెషీన్ చప్పుడుకి భయపడుతుంటే దాన్ని కాస్త దూరంగా, మందపాటి తువ్వాలు మడతపెట్టి దాని మీద పెట్టండి, చప్పుడు కొంత తగ్గుతుంది. గాలి లాగే చోటు మాత్రం మూయకండి. మాస్కు ఉన్నంతసేపూ ఫోన్‌లో బొమ్మల వీడియో ఇస్తాం, ఆ ఫోన్ ఆ వేళకి మాత్రమే, మిగతా రోజంతా ఇవ్వం. చిన్నపిల్లకి ఫోన్ ఇవ్వడం ఏంటని ఇంటికొచ్చినవాళ్ళు అన్నారు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినదలుచుకోలేదు.

ఇక అసలు పని, చేత్తో తట్టడం. గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. పిల్ల ఒంటి మీద పల్చటి కాటన్ బనియన్ ఒకటి ఉండాలి, వట్టి ఒంటి మీద కొట్టకూడదు. గుళ్ళో తీర్థం తీసుకునేటప్పుడు అరచెయ్యి గుంటలా పెడతాం కదా, వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి సరిగ్గా అలా పట్టి, దాన్ని బోర్లించండి. ఆ గుంటలో గాలి ఉంటుంది, తట్టినప్పుడు ఆ గాలి అదురే లోపలికి వెళ్ళి కఫాన్ని గోడ నుంచి విడదీస్తుంది. మణికట్టు వదులుగా ఉండాలి, మోచేతి బలం వాడకూడదు. సరిగా చేస్తే డొప్ డొప్ అని బోలు చప్పుడు వస్తుంది. చెళ్ళుమని వినిపించినా, చర్మం ఎర్రబడినా చెయ్యి చదునుగా పడుతున్నట్టే. నొప్పి ఉండకూడదు, అస్సలు ఉండకూడదు. మా పాప ఇప్పుడు వీపు తడుతుంటే ఒక్కోసారి నిద్రలోకి జారుకుంటుంది. పిల్ల ఛాతీ మన చెయ్యంత కూడా లేకపోతే ఫిజియోథెరపిస్ట్‌ని అడిగితే చిన్న రబ్బరు కప్పు ఇస్తారు, దానితో తేలిక.

ఎక్కడ తట్టాలి అన్నదానికి ఒకటే గుర్తు: పక్కటెముకలు ఉన్న చోట మాత్రమే. వెన్నెముక మీద వద్దు, ఛాతీ మధ్య ఎముక మీద వద్దు, పొట్ట మీద వద్దు, పక్కటెముకలకి కింద నడుము వైపు అసలే వద్దు, అక్కడ మూత్రపిండాలుంటాయి. మేం చేసే వరస చెప్తాను. మొదట పాప నా ఒళ్ళో కూర్చుని వీపు నాకు ఆనించి కాస్త వెనక్కి వాలుతుంది, అప్పుడు మెడ ఎముకకీ చనుమొనకీ మధ్య, కుడివైపు, ఎడమవైపు. తర్వాత దిండుని కౌగిలించుకుని ముందుకి వాలుతుంది, అప్పుడు వీపు పై భాగం, రెక్కల మీద, వెన్నెముకకి రెండు వైపులా. తర్వాత ఒక పక్కకి పడుకోబెట్టి చంక కింద నుంచి పక్కటెముకల మీద, ఇంకో పక్క కూడా అంతే. చివరికి బోర్లా పడుకోబెట్టి వీపు కింది భాగం, కానీ ఆఖరి పక్కటెముక దాటకుండా. ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు. ఒక చోట అయ్యాక చెయ్యి చదునుగా ఆనించి, పాప ఊపిరి వదిలేటప్పుడు సన్నగా వణికించినట్టు అదిరించాలి. ఇది చూసి నేర్చుకోవాల్సిందే, రాతలో చెప్తే రాదు.

ఒక ముఖ్యమైన మాట. పాత కాగితాల్లో, పాత వీడియోల్లో పిల్లని తల కిందికి, కాళ్ళు పైకి పెట్టి తట్టే బొమ్మలుంటాయి. అలా చేయకండి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో చంటిపిల్లల మీద చేసిన పరిశోధనలో, తల వంచి చేసినవాళ్ళకి కడుపులోది గొంతులోకి తన్నడం ఎక్కువైంది, కొన్నేళ్ళ తర్వాత చూస్తే తల వంచకుండా చేసిన పిల్లల ఊపిరితిత్తులే మెరుగ్గా ఉన్నాయి. మాకు మొదట చూపించిన చోట తల కిందికి పెట్టే చూపించారు, తర్వాత వేరే చోట ఫిజియోథెరపిస్ట్ చెప్పేదాకా మేం అలాగే చేశాం. మీకు ఎవరైనా అలా చూపిస్తే మొహమాట పడకుండా అడగండి.

మా అత్తమ్మ మొదటిసారి చూసినప్పుడు "ఏందమ్మా, పసిపిల్లను గట్ల కొడుతున్నవ్!" అని పాపని నా ఒళ్ళోంచి లాక్కున్నారు. ఆమె తప్పు లేదు, చప్పుడు అలా ఉంటుంది. నేను ఆమె వీపు మీద ఐదు నిమిషాలు తట్టాను, అంతే, "హాయిగనే ఉన్నది" అన్నారు. ఇప్పుడు వారంలో రెండు సాయంత్రాలు ఆమే చేస్తారు, నాకన్నా బాగా చేస్తారు, చెయ్యి అంత మెత్తగా పడుతుంది. ఇంట్లో కనీసం ఇద్దరికి ఈ పని రావాలి. ఒక్క తల్లి మీదే వేస్తే ఆమెకి జ్వరమొచ్చిన రోజున చికిత్స ఆగిపోతుంది. మా ఆయనకి ఆఫీసు ఎంత ఆలస్యమైనా శని, ఆదివారాలు పొద్దున పూట ఆయనదే. పిల్ల జబ్బు తల్లి గర్భంతో ఉన్నప్పుడు తిన్న తిండి వల్ల వచ్చిందనో, దిష్టి అనో అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. తల్లి నుంచి లోపమున్న ఒక జీన్, తండ్రి నుంచి లోపమున్న ఒక జీన్, రెండూ కలిస్తేనే ఈ జబ్బు. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇద్దరిదీ సమానం. కాబట్టి పని కూడా ఇద్దరిదీ.

తట్టడం ఒక్కటే కాదు, పిల్ల కదిలితే కఫమూ కదులుతుంది. నవ్వడం, గెంతడం, పరిగెత్తడం అన్నీ పనికొస్తాయి. బెల్జియంలో చంటిపిల్లల్ని పెద్ద బంతి మీద కూర్చోబెట్టి మెల్లగా ఎగరేస్తూ చేసే పద్ధతే ఉంది. మా ఇంట్లో తట్టడానికి ముందు ఉప్పుమూట ఆట: వాళ్ళ నాన్న వీపు మీద ఎక్కించుకుని హాలంతా తిప్పుతారు, "ఉప్పో ఉప్పు" అని అరుస్తూ. పాప కిలకిలా నవ్వుతుంది, నవ్వు చివర్లో దగ్గు వస్తుంది. ఆ దగ్గే మాకు కావాల్సింది.

ఊదడం నేర్పడం రెండేళ్ళకే మొదలుపెట్టండి. మేం చిన్నప్పుడు బొప్పాయి ఆకు కాడతో సబ్బు బుడగలు ఊదేవాళ్ళం, ఈ పిల్లలకి చెట్టు మీదవి నోట్లో పెట్టనివ్వం కాబట్టి శుభ్రమైన ప్లాస్టిక్ రింగు వాడతాం. జాతరలో అమ్మే కాగితం గిరకలు, బల్ల మీద దూది ఉండని ఊది అవతలికి పంపడం, ఇవన్నీ ఊపిరి పొడుగ్గా వదలడం నేర్పుతాయి. బెలూన్ మాత్రం ఈ వయసులో వద్దు, పగిలిన ముక్క గొంతుకి అడ్డం పడుతుంది. అద్దం ముందు నిలబెట్టి నోరు గుండ్రంగా తెరిచి "హా..." అని ఆవిరి పట్టించడం మా పాపకి చాలా ఇష్టం, ఆ ఆవిరి మీద వేలితో బొమ్మ గీస్తుంది. తనకి అది ఆట. కానీ పెద్దయ్యాక కఫం పైకి తేవడానికి వాడే హఫ్ అనే పద్ధతికి అదే మొదటి మెట్టు. సీసాలో నీళ్ళు పోసి గొట్టంతో బుడగలు ఊదించే పద్ధతి కూడా ఉంది, కాకపోతే నీళ్ళు పీల్చేయకుండా ఊదడం తెలియాలి, మాకు మూడేళ్ళు వచ్చాక చూద్దామన్నారు. నీళ్ళ లోతు, గొట్టం కొలత వాళ్ళే చెప్పాలి, నీళ్ళు ప్రతిసారీ కొత్తవి పోయాలి.

ఇన్ని చేశాక కఫం బయటికి ఎందుకు కనిపించట్లేదని టెన్షన్ పడకండి. ఈ వయసు పిల్లలకి ఉమ్మడం రాదు, గొంతులోకి వచ్చింది మింగేస్తారు, దాని వల్ల నష్టం లేదు. ఒక్కోసారి జిగురు వాంతి చేసుకుంటారు, అదీ మామూలే. దగ్గు తగ్గించే సిరప్‌లు మాత్రం ఇంట్లో ఉండనివ్వకండి. దగ్గు మనకి సాయం చేస్తోంది, దాన్ని ఆపితే ఇరవై నిమిషాల కష్టం లోపలే ఉండిపోతుంది. మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చేస్తారు, చుట్టాలు ప్రేమతో తెస్తారు, గట్టిగా వద్దని చెప్పాలి. వేడి నీళ్ళ గిన్నె పెట్టి ఆవిరి పట్టడం కూడా వద్దు, నెబ్యులైజర్‌కి అది బదులు కాదు, రెండేళ్ళ పిల్ల పక్కన సలసల కాగే నీళ్ళు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

శుభ్రం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దీన్ని మాకు ఎవరూ సరిగా చెప్పలేదు, ఆరు నెలలు కప్పుని కుళాయి కింద తొలిపి పెట్టేశాం. సూడోమోనాస్ అనే క్రిమి తడి ఉన్న చోటల్లా పెరుగుతుంది, మామూలువాళ్ళకి సాధారణంగా ఏమీ చేయదు, ఈ పిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే వదిలించడం చాలా కష్టం. కఫం తీసే మెషీనే ఆ క్రిమిని లోపలికి పంపితే ఇంకేముంది. ప్రతిసారీ వాడిన వెంటనే కప్పు, మాస్కు విడదీసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో కడిగి, తొలిపి, తర్వాత నీళ్ళు మరగడం మొదలయ్యాక ఐదు నిమిషాలు మరిగించాలి. మీ మాస్కు మరిగే నీళ్ళకి తట్టుకుంటుందో లేదో డబ్బాలోని కాగితంలో చూసుకోండి, కొన్నింటికి వేరే పద్ధతి రాసి ఉంటుంది. మరిగాక శుభ్రమైన పొడి బట్ట మీద పెట్టి గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. మరిగించిన తర్వాత మళ్ళీ కుళాయి నీళ్ళతో తొలిపితే చేసిందంతా వృథా, ఆర్వో నీళ్ళు అయినా అంతే. వెనిగర్‌తో కడగమని కొందరు చెప్తారు, అది ఈ క్రిములకి చాలదు. మెషీన్ నుంచి కప్పుకి వెళ్ళే పొడుగు గొట్టం లోపలికి నీళ్ళు పోనివ్వకండి. మా దగ్గర మూడు సెట్లు ఉన్నాయి, దీనికోసమే ఒక స్టీలు గిన్నె వేరుగా ఉంది, అందులో ఇంకేదీ వండం. అదే కారణంతో ఎండాకాలంలో నీళ్ళు నిలిచి ఉండే ఎయిర్ కూలర్ తీసేశాం, స్నానానికి ఇచ్చే రబ్బరు బాతులు, లోపల నీళ్ళు ఉండిపోయే బొమ్మలు తీసేశాం.

పొగ కూడా. తలంటు పోశాక సాంబ్రాణి ధూపం వేయడం మా ఇంట్లో మూడు తరాల అలవాటు, మానడానికి అత్తమ్మకి చాలా బాధ అనిపించింది, కానీ మానేశారు. అగరొత్తులు పాప లేని గదిలోనే, దోమల కాయిల్స్ అసలు లేవు, దోమతెర ఉంది. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగితే ఆ మనిషి మానాల్సిందే.

ఎండలు ముదిరితే ఇంకో జాగ్రత్త. ఈ పిల్లల చెమటలో ఉప్పు మామూలు కన్నా చాలా ఎక్కువ పోతుంది, రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో అయితే ఒక్క రోజులో డీలా పడిపోతారు. ఒంట్లో నీళ్ళు తగ్గితే కఫం ఇంకా చిక్కబడుతుంది. రోజుకి ఎంత ఉప్పు అదనంగా ఇవ్వాలో డాక్టర్‌ని అడిగి, తినే తిండిలో కలిపేయండి. మామూలు పిల్లలకి ఉప్పు తగ్గించాలని చెప్పే సలహా మనకి వర్తించదు.

జలుబు చేసిన రోజుల్లో లెక్క మారుతుంది. మేం రెండుసార్ల బదులు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి కొంచెం తక్కువసేపు చేస్తాం, డాక్టర్ అలా రాసిచ్చారు. నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేచిందో చూడండి. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి నిమిషానికి 40, అంతకన్నా ఎక్కువ ఉంటే అది వేగంగా ఉన్నట్టు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా అది ఆలోచించే టైమ్ కాదు, ఆస్పత్రికి బయల్దేరాలి. దగ్గులో రక్తం కనిపిస్తే తట్టడం ఆపి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. జ్వరం, తిండి మానేయడం, పొద్దున దగ్గు తడిగా మారడం, రాత్రి దగ్గుకి మెలకువ రావడం, వీటిలో ఏది రెండు రోజులున్నా నేను ఫోన్ చేసేస్తాను. "జలుబే కదా, చూద్దాం" అని వారం ఆగినందుకు పోయినేడాది పాపకి పద్నాలుగు రోజులు సెలైన్ సూదితో మందులు ఎక్కించాల్సి వచ్చింది.

అలాగే ఇదే జబ్బున్న ఇంకో పిల్లని కలిపి ఆడించకండి, ఒకరి క్రిములు ఇంకొకరికి అంటుకుంటాయి, కనీసం రెండు మీటర్ల దూరం ఉండాలంటారు. ఆస్పత్రి వరండాలో అలాంటి తల్లి కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది, అయినా ఫోన్‌లోనే మాట్లాడుకుంటాం.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ పిల్లలకి అదిరే జాకెట్టు వేస్తారట, మీరెందుకు కొనట్లేదని అడిగింది. ఆ జాకెట్టు మంచిదే, చెయ్యి నొప్పి ఉండదు, కానీ లక్షల్లో ఉంటుంది, పిల్ల ఛాతీ కొలతకి సరిపోవాలి. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో ఏ ఒక్క పద్ధతీ మిగతావాటికన్నా స్పష్టంగా మెరుగని తేలలేదు. రోజూ మానకుండా చేస్తే చెయ్యి చాలు, ఆ జాకెట్టు లేదని మనసు కష్టపెట్టుకోవద్దు. కణాల గోడల్లో ఉప్పు, నీరు కదిలే ఆ దారినే మెరుగుపరిచే ట్రైకాఫ్టా అనే మందు గురించి కూడా అందరూ అడుగుతారు. అమెరికాలో 2023లో రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి కూడా దానికి అనుమతి ఇచ్చారు, జీన్‌లో ఏ మార్పు ఉందన్నదాన్ని బట్టి అది పనిచేస్తుంది, కాబట్టి మీ పిల్ల జీన్ రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి. ఆ మందు దొరికినా, దొరక్కపోయినా ఛాతీ చికిత్స మీ అంతట మీరు తగ్గించకండి.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలన్నది ముందే అనుకోవాలి. నెబ్యులైజర్ ఇన్వర్టర్ మీద నడిచేలా వైరింగ్ చేయించాం, ఊరికి వెళ్ళడానికి బ్యాటరీది చిన్నది ఒకటి కొన్నాం. ఏదీ లేకపోతే నెబ్యులైజర్ ఆ పూటకి ఆలస్యం అయినా సరే, చేత్తో తట్టడం మాత్రం వేళకి జరిగిపోతుంది, దానికి కరెంటు అక్కర్లేదు.

పండక్కి ఊరెళ్ళేటప్పుడు మా సంచిలో ముందు సర్దేది ఇదే: కప్పులు మూడు సెట్లు, మరిగించే స్టీలు గిన్నె, ఐస్ పెట్టెలో డోర్నేస్, ఐస్ నేరుగా తగలకుండా బట్ట చుట్టి, పచ్చ దిండు, కుందేలు బొమ్మ. రైలు పొద్దున ఆరింటికి ఉంటే ఐదింటికే చేసేసి బయల్దేరతాం. పోయిన సంక్రాంతికి బస్సు ఆలస్యమై దారిలోనే సాయంత్రం అయింది, ఒక ధాబా దగ్గర బల్ల మీద తువ్వాలు పరిచి చేశాను, చుట్టూ నలుగురు చేరి పిల్లకేమైందని అడిగారు. పాపే చెప్పింది, "డొప్ డొప్, తర్వాత పాలు" అని.